కంగారూ సంగీతం

ఆ రోజు పొద్దున్న కూర్మయ్య మేష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరు పూర్తిగా లేవకముందే జీడితోటలోకి వెళ్ళాలి. అక్కడ ఎవరి కంటా పడకుండా కూర్చుని పీవీసీ గొట్టం ఊది సాధన చెయ్యాలి. గంట కొట్టే వేళకు ఏమీ ఎరగనట్టు బడికి వచ్చెయ్యాలి. ఇంట్లో ఊదడానికి వీల్లేకపోయింది. ముందురోజు పెరట్లో ఒక్కసారి ఊదేసరికి భార్య గురమ్మ గరిటెతో సహా బయటికొచ్చి, "కడుపులో బాగులేకపోతే కాసింత వాము నమలండి. ఈదిలో అందరికీ ఇనిపించాలేటి?" అంది.

కూర్మయ్య విజయనగరంలో సంగీతం నేర్చుకున్నవాడు. ఇంట్లో బొబ్బిలి వీణ ఉంది. నౌపడ దగ్గర, ఉప్పుమళ్ళకీ సముద్రానికీ మధ్య ఉన్న ఆ ఊళ్ళో ఇంగ్లీషు మీడియం బడి పెట్టినప్పుడు చిన్నపిల్లలకు పాటల మేష్టారుగా చేరాడు. నర్సరీ, ఎల్కేజీ పిల్లలచేత సరళీస్వరాలు పాడించేవాడు. 'స' దగ్గర బుద్ధిగా కూర్చున్న పిల్లలు 'ప' వచ్చేసరికి ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయేవారు. తన గాత్రంలో ఉన్న ప్రశాంతత అలాంటిదని ఆయన చెప్పుకొనేవాడు.

బడి నడిపే అనితకు మాత్రం ఆ ప్రశాంతత నచ్చలేదు. ఆమె టెక్కలిలో బట్టల కొట్టున్నవాళ్ళ కోడలు. నచ్చని సరుకు అలమరలో ఉంచుకునే అలవాటు వాళ్ళింట్లో లేదు. విశాఖలో ఏదో శిక్షణకు వెళ్ళివచ్చి కూర్మయ్యను గదిలోకి పిలిచింది.

"మాస్టారూ, ఇప్పుడు చిన్నపిల్లలకి జంతువులతో మ్యూజిక్కు నేర్పుతున్నారండి. ఏనుగు బొమ్మ చూపిస్తారు, ఆఫ్రికా అంటారు, అక్కడి డప్పులు వాయిస్తారు. ఒంటెని చూపిస్తే అరబ్బుల పాట. అలా పిల్లలకి ప్రపంచ సంగీతమంతా వచ్చేస్తుంది. మన పేరెంట్స్ ఏమో పాటల పీరియడు తీసేసి ఆ పూసల లెక్కలు, అబాకస్ పెట్టమంటున్నారు. వాళ్ళనే పిలిచి ఒక క్లాసు చూపిద్దాం. మీకు ప్రపంచ సంగీతం వచ్చు కదా?"

తెలియదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం మనిషికి దొరకదు. ఆ సమయం కూర్మయ్య కళ్ళముందే వచ్చింది, కాసేపు నిలబడింది, వెళ్ళిపోయింది. "ప్రపంచ సంగీతమామ్మా? అదంతా మన సంగీతంలోంచి వెళ్ళిందే కదా!" అన్నాడాయన.

ఆ తరువాత అరువు తెచ్చిన ఫోనులో దొరికిన వీడియోలన్నీ చూశాడు. ఆఫ్రికా డప్పుకు బడిలోని నీలం రంగు నీళ్ళ డ్రమ్ము సరిపోయింది. ఒంటె పాటకు గురమ్మ జల్లెడ తెచ్చుకున్నాడు. దక్షిణ అమెరికా కొండల్లో లామా అని ఒక జంతువు ఉందట. ఒంటెకూ గొర్రెకూ సంబంధం కుదిరితే పుట్టినట్టుండే ఆ లామాకు ఒక పిల్లనగ్రోవి చాలు. చిక్కల్లా కంగారూతోనే వచ్చింది. ఆస్ట్రేలియా ఆదివాసులు నిలువెత్తు చెట్టుబోదెను దొలిచి ఊదుతారు. దాని పేరు పలకబోతే కూర్మయ్య నాలుక మడతపడింది. బోదె బదులు గొట్టం కొన్నాడు. అనిత అడిగితే, "ఇప్పుడే చెప్పనమ్మా, సస్పెన్సు" అన్నాడు. ఊదడం తనకు ఇంకా రాలేదన్న సంగతి కూడా అందులోనే కలిపేశాడు.

ఇక ఆ పొద్దున్న తోటలో, పళ్ళు రాలిన ఒక జీడిచెట్టు కింద కూర్చుని, గొట్టం చివర రాయి మీద ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. మొదట గాలి వచ్చింది. తరువాత ఉమ్మి వచ్చింది. పెదవులు వదులు చేసి, బుగ్గలు పూరించి, కడుపులోంచి ఊదేసరికి, గొట్టం అడుగునుంచి "గుర్ర్ర్ర్... బుర్ర్ర్ర్..." అని ఒక నాదం లేచింది. కూర్మయ్య ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంత తొందరగా ఆస్ట్రేలియా వశమవుతుందని ఆయన అనుకోలేదు. ఇంకోసారి ఊదాడు. ఇంకా గట్టిగా ఊదాడు.

"ఓలమ్మో! ఎలుగో, ఎలుగు!"

తోటలో ఎండుటాకులు ఏరుకుంటున్న బుల్లమ్మ కేక అది. జీడిపళ్ళ కాలంలో కొండ మీంచి ఎలుగుబంట్లు దిగిరావడం ఆ పక్క ఊళ్ళకు కొత్త కాదు. ఆ కేక వినగానే కూర్మయ్య కళ్ళు తెరిచాడు. ఎలుగు ఎక్కడ, ఎటుపక్క అని చూడటానికి ఆయన ఆగలేదు. పంచె ఎగ్గట్టి, గొట్టం చంకన పెట్టి, చెప్పులు అక్కడే వదిలి పరుగు తీశాడు. మధ్యలో బుల్లమ్మను దాటుకొని ముందుకు పోయాడు కూడా. పోతూ పోతూ, ఆడమనిషి వెనకబడిందే అని ఒక క్షణం అనిపించింది. తనకంటే వెనక ఎవరో ఒకరు ఉండటం మంచిదేనని కూడా ఆ క్షణంలోనే అనిపించింది. ఈ రెండో ఆలోచనను తలుచుకున్నప్పుడల్లా ఆయనకు తల దించుకోవాలనిపించేది.

రోడ్డు మీద టీ బడ్డీ దగ్గర జనం ఉన్నారు. వేటనుంచి వచ్చి వల భుజాన వేసుకున్న గంగరాజు ఎదురొచ్చి ఆయన్ని పట్టుకున్నాడు.

"మేస్టారూ, మెల్లగా, మెల్లగా! ఏటైనాది? బుల్లమ్మేటో ఎలుగని అరస్తన్నాది. మీరూ తోటలోంచే వస్తన్నారు గదా, సూసినారేటి?"

కూర్మయ్య చూడలేదు. కానీ చెమటతో తడిసి, చెప్పుల్లేకుండా, మోకాళ్ళపైకి పంచె కట్టుకొని నిలబడ్డ మనిషి, 'లేదు, ఆవిడ అరిస్తే పరిగెత్తాను' అని ఎలా చెప్పగలడు? పైగా అక్కడున్నవాళ్ళలో సగంమంది పిల్లలకు ఆయన గురువు.

"చూశాను" అన్నాడు.

"ఎంతున్నాదేటి?"

"పెద్దదే."

"నల్లగున్నాదా?"

"నల్లగానే ఉంది." ఎలుగుబంట్లన్నీ నల్లగానే ఉంటాయి కనుక ఇది అబద్ధం కిందికి రాదని ఆయన సర్దిచెప్పుకున్నాడు.

"మీదకొచ్చినాదేటి?"

అప్పటికే ఎవరో కుర్చీ వేశారు. ఎవరో టీ చేతికిచ్చారు. జనమంతా తన నోటివంక చూస్తూ ఉండటం కూర్మయ్యకు జీవితంలో ఎప్పుడో గానీ జరగలేదు.

"వచ్చింది. ఇదిగో, ఈ గొట్టంతో అదిలించాను."

"ఓలి నాయనో!" అన్నాడు గంగరాజు.

రెండో టీ తాగేసరికి ఎలుగుకు కొబ్బరి బొండమంత తలకాయ, కొడవళ్ళలాంటి గోళ్ళు వచ్చాయి. ఇంకాసేపటికి దాని వెంట రెండు కూనలు కూడా చేరాయి. ఆ కూనలు కూర్మయ్య పెట్టినవి కావు, జనం పెట్టుకున్నవి. ఆయన కాదనలేదు, అంతే.

గంగరాజు ఫోను చేస్తే ఫారెస్టు గార్డు ఈశ్వర్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఎక్కడ చూశారో, ఎటునుంచి వచ్చిందో కూర్మయ్యను అడిగాడు. తను కూర్చున్న చెట్టు గుర్తులు చెప్పి, "దానికి అటుపక్కనుంచి వచ్చింది" అన్నాడు కూర్మయ్య. ఏదో ఒక పక్క చెప్పాలి కదా. ఈశ్వర్ కర్రలు పట్టుకున్న ఇద్దరిని వెంటేసుకొని తోటలోకి వెళ్ళాడు.

ఈలోగా బడి వేళయింది. క్లాసు చూడటానికి తల్లిదండ్రులు మంచి బట్టలు కట్టుకొని వచ్చారు. పిల్లల్ని తిరిగి ఇళ్ళకు పంపుదామంటే దారిలో ఎలుగు ఎదురుపడుతుందేమోనన్న భయం. అనిత చిన్నపిల్లలందర్నీ పెద్దగదిలో కూర్చోబెట్టించి, కిటికీలు మూయించి, కూర్మయ్యతో చెప్పింది:

"మాస్టారూ, పిల్లలు బెదిరిపోయి ఏడుస్తున్నారు. పేరెంట్స్‌ని నేను గేటు దగ్గర చూసుకుంటాను. మీరు లోపల ఉండి క్లాసు మొదలుపెట్టెయ్యండి. గట్టిగా వాయించండి. బయటి గోల వాళ్ళకి వినిపించకూడదు."

ఎలుగును గొట్టంతో తరిమినవాడు లోపల ఉన్నాడంటే తల్లిదండ్రులకూ ధైర్యమేనని ఆమె అనుకొంది.

గదిలో కూర్మయ్య ముందు ఏనుగు బొమ్మ చూపించాడు. నీళ్ళ డ్రమ్ము బోర్లించి దరువు వేశాడు. ఏడుస్తున్న పిల్లలు ముక్కులు ఎగబీల్చుకుంటూ చూశారు. తరువాత తామూ కొట్టారు. ఒంటె బొమ్మ రాగానే జల్లెడ చేతులు మారింది. లామాను చూసి అది ఎవరి మేక అని ఒకడు అడిగాడు. ఎవరూ నిద్రపోలేదు. కూర్మయ్యకు తెలియకుండానే ఉత్సాహం వచ్చేసింది. కంగారూ బొమ్మ తీశాడు.

"ఇదేమిటో తెలుసా? కంగారూ!"

"కంగారు మా నాన్నమ్మ పడతాది" అంది ముందు వరసలోని భరణి. అది చేపలమ్మే గున్నమ్మ మనవరాలు.

"ఆ కంగారు కాదమ్మా. ఇది జంతువు. గెంతుతుంది."

"మా నాన్నమ్మా గెంతుతాది."

"ఇది ఆస్ట్రేలియాలో ఉంటుంది. అక్కడి పాట ఎలా ఉంటుందో వినండి" అని కూర్మయ్య గొట్టం ఎత్తి, గుండెల నిండా ఊపిరి పీల్చి ఊదాడు. "గుర్ర్ర్ర్... బుర్ర్ర్ర్..." నాలుగు గోడల మధ్య ఆ నాదం తోటలోకంటే పదింతలై మోగింది.

గేటు దగ్గర ఒక్కసారిగా కేకలు లేచాయి. "బళ్ళో దూరినాది! ఎలుగు బళ్ళో దూరినాదిరో!"

కూర్మయ్య ఊదడం ఆపేశాడు. బయట కేకలూ ఆగాయి. ఆయనకు ఏదో అనుమానం వచ్చింది. గొట్టం నోటికి ఆనించి, చాలా చిన్నగా, "గుర్" అన్నాడు.

"అదిగో! అదిగో!" అని బయట అరిచారు.

ఆపాడు. సద్దుమణిగింది. ఇంకొక్కసారి "గుర్" అన్నాడు. బయట ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. అప్పుడు కూర్మయ్యకు పొద్దుటి ఎలుగుబంటి ఎవరో తెలిసింది. తలకాయ కొబ్బరి బొండమంత ఉందని తనే చెప్పాడు. ఒకసారి తల తడుముకున్నాడు.

తలుపు తీసి, అయ్యా ఇది గొట్టమండీ అని చెబితే ఆ క్షణమే అంతా తేలిపోయేది. కానీ ఇది గొట్టమైతే పొద్దుట చూసినదేమిటి? అదిలించినదెవరిని? ఆ రెండు టీలు ఎందుకు తాగినట్టు? అందుకని ఇంకో ఉపాయం తోచింది. గొట్టం దాచేస్తే చప్పుడు ఆగుతుంది. చప్పుడు ఆగితే ఎలుగు వెళ్ళిపోయిందనుకుంటారు. గొట్టాన్ని చాప కిందికి తోసి, వేలు పెదవులమీద పెట్టి, "హుష్! అందరం నిశ్శబ్దంగా కూర్చుందాం" అన్నాడు.

పిల్లలు ఆయన ముఖంలోకి చూశారు. పాట మధ్యలో ఆగిపోయింది. భరణి బుగ్గలు పూరించి, చిన్న గొంతుతో "గుర్ర్ర్ర్..." అని అందుకుంది. దాని పక్కవాడు "బుర్ర్ర్ర్..." అన్నాడు. ఆ పక్కవాళ్ళు, ఆ వెనకవాళ్ళు, గదిలోని పిల్లలందరూ ఆస్ట్రేలియాను అందుకున్నారు. శ్రుతి ఒకటే, లయ ఒకటే. ఆయన శిష్యులు ఇంత చక్కగా కలిసి పాడింది ఇదే మొదటిసారి. "ఆపండమ్మా, ఆపండి నాయనా!" అని కూర్మయ్య చేతులూపాడు. ఆయన తాళం వేస్తున్నాడనుకొని వాళ్ళు ఇంకా హెచ్చించారు.

"ఒకటి కాదు, మందొచ్చినాది!" బయట గంగరాజు గొంతు. "ఒరే, వలట్టుకు రండిరా! తలుపు తీసుకొని బయటికొస్తే మీదేసేద్దుం!"

"మందేటిరా, లోపల నా గుంట, నా మనవరాలున్నాదిరా!" ఇది గున్నమ్మ. తెడ్డు పట్టుకొని తలుపుదాకా వచ్చేసింది. "భరణీ! అమ్మా! పలకవే! ఎవులైనా తీయండ్రా తలుపు, నన్నెల్లనీండ్రా! నన్ను తిన్నా తిననీండి!"

చేపల గంపతో ఊళ్ళన్నీ తిరిగి, బేరం దగ్గర ఎవరికీ లొంగని గున్నమ్మ తలుపుకు నుదురు ఆనించి ఏడుస్తూ ఉంది. ఆ ఏడుపు చెక్క సందుల్లోంచి లోపలికి వచ్చింది. కూర్మయ్యకు పరువు, టీలు, అబాకస్ అన్నీ ఒక్కసారిగా చిన్నవైపోయాయి. ఒక ముసలమ్మ తన మూలాన చచ్చిపోయేంత భయపడుతూ ఉంది. ఆయన చాప కిందినుంచి గొట్టం తీసుకున్నాడు. సాక్ష్యానికి అదుండాలి కదా. గడియ తీసి, ఒక అడుగు బయట పెట్టి, "అమ్మా గున్నమ్మా, భయపడకు, అది..." అన్నాడు.

అంతవరకే అనగలిగాడు. సముద్రం వాసన కొడుతున్న వల ధబాలున మీద పడింది.

"దొరికినాది! బిగించండిరా!"

"నేనురా గంగరాజూ, నేను!"

"ఎలుగు మాటాడతాదేటి?" అని గంగరాజు ఒక క్షణం ఆలోచించాడు. తరువాత వలలోకి వంగి చూశాడు. "ఓలబ్బో, మేస్టారు!"

గున్నమ్మ వాళ్ళను దాటుకొని లోపలికి దూకింది. భరణి ఇంకా గుర్రుమంటూనే ఉంది. నాన్నమ్మను చూసి, "ఇదిగో, కంగారు!" అని వేలు చూపించింది.

కూర్మయ్య వలలోనే కూర్చున్నాడు. వల తియ్యబోతుంటే వద్దన్నాడు. చెప్పవలసింది అందులో ఉండగానే చెప్పేస్తే మళ్ళీ బయటికొచ్చి చెప్పే ధైర్యం వెతుక్కోనక్కర్లేదు. గొట్టం ఎత్తి ఒకసారి ఊదాడు. జనం వెనక్కి గెంతారు.

"అర్థమైందా? ఎలుగు నేనే" అన్నాడు. "పొద్దుట తోటలో ఊదిందీ నేనే. ఇప్పుడు ఊదిందీ నేనే."

గున్నమ్మ మనవరాలిని చంకనేసుకొని వచ్చి ఎదురుగా నిలబడింది. "మరి పొద్దుట సూసినానన్నారు? మీదకొచ్చినాదన్నారు? అదిలించి తరిమేసినానన్నారు?"

"అబద్ధం తల్లీ. నేనేమీ చూడలేదు. బుల్లమ్మ అరిస్తే పరుగెత్తాను. బుల్లమ్మకంటే ముందు పరుగెత్తాను."

"అది మాత్రం నిజిమే" అంది వెనకనుంచి బుల్లమ్మ.

అనిత ముఖం ఎర్రగా ఉంది. "మాస్టారూ, ఒకసారి ఆఫీసు రూంలోకి రండి" అంది. ఆ గొంతులో అబాకస్ పూసలు టకటక కదిలినట్టు కూర్మయ్యకు వినిపించింది. వలలోంచి లేవబోతే కాలు చిక్కుకుంది. గంగరాజు చిక్కు విప్పుతూ ఉండగానే గేటు తోసుకొని ఈశ్వర్ వచ్చాడు. ఒళ్ళంతా చెమట. ఒక చేతిలో కూర్మయ్య చెప్పులు ఉన్నాయి.

"ఎవులూ ఇవాళ తోటలోకి ఎల్లొద్దు" అన్నాడు ఈశ్వర్. "మేస్టారు సెప్పినట్టే ఉన్నాది. పెద్ద ఎలుగే. అడుగులు పచ్చిగా ఉన్నాయి. ఆ సెట్టుకి అటుపక్క కూకోని జీడిపళ్ళు నమిలినాది. ఇటుపక్క మేస్టారి చెప్పులు."

"ఎంత దూరంలో?" అని కూర్మయ్య అడిగాడు.

"దూరమేటి మేస్టారూ? సెట్టు బోదే అడ్డం. అటు అది, ఇటు మీరు. పక్కన చిన్న అడుగులు కూడా ఉన్నాయి, రెండు కూనలవి."

కూర్మయ్య మళ్ళీ వలలో కూర్చుండిపోయాడు.

గున్నమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆమె కళ్ళలో కోపం కరిగి, ఇంకేదో వచ్చింది. "సూసినారా ఆ మారాజు మనసు!" అని జనంవైపు తిరిగింది. "పిల్లలు బెదిరిపోతారని ఎలుగు నేదు, నానే ఎలుగునని సెప్పినారు. పరువు పోయినా పరవానేదని వలలో కూకున్నారు!"

"కాదు గున్నమ్మా, నిజంగా నేను చూడలేదు..."

"ఊరుకోండి బావూ. ఇంకా దాస్తారేటి? కూనలున్నాయని కూడా మీరు సెప్పనేదేటి?"

ఆ కూనల సంగతి ఎవరు మొదలుపెట్టారో అప్పటికి ఎవరికీ గుర్తులేదు. పొద్దుట అబద్ధం చెబితే ఊరంతా నమ్మింది. ఇప్పుడు గుండె చేతబట్టుకొని నిజం చెబుతుంటే ఒక్కరూ నమ్మడం లేదు. కూర్మయ్య ఇంకో రెండుసార్లు ప్రయత్నించాడు. ప్రతిసారీ ఆయన గొప్పతనం ఒక మెట్టు పైకెక్కడం చూసి ఊరుకున్నాడు.

"ఇంతకీ అది ఎటు పోయింది?" అని అనిత అడిగింది.

"కొండకి ఎలిపోయినాది మేడం. వచ్చినప్పుడు తీరుబాటుగా వచ్చినాది. పోయినప్పుడు మాత్రం మట్టి ఎగిరిపోయేలగ పోయినాది. కంచె తెంపుకోని, పళ్ళు వదిలేసి, కూనల్ని ఈడ్సుకోని. వెనక్కి తిరిగి సూసిన జాడే నేదు. ఇంక ఈ సాయలకి రాదు."

తల్లిదండ్రులు గొట్టంవైపు చూశారు. మంచి చీర కట్టుకొచ్చిన ఒక తల్లి ముందుకొచ్చి, "మేడం, ఆ గొట్టం పాట మా వాడికి కూడా బాగా నేర్పించమనండి. మా ఇల్లు తోట పక్కనే" అంది. ఇంకొకరు పెద్దవాళ్ళకు కూడా క్లాసు పెడతారా అని అడిగారు. అబాకస్ మాట ఎవరూ ఎత్తలేదు. అనిత కాసేపు ఆలోచించి, "రేపట్నుంచి మ్యూజిక్కు రెండు పీరియడ్లు, మాస్టారూ" అంది.

ఆ మాటకు కూర్మయ్య సంతోషించవలసింది. కానీ ఆయన చెప్పులు తొడుక్కుంటూ ఈశ్వర్ చెప్పిన మట్టి సంగతే ఆలోచించుకున్నాడు. తన కచేరీ మధ్యలో లేచి వెళ్ళిపోయిన శ్రోతలను ఆయన చాలామందిని చూశాడు. పిల్లలతో సహా కంచె తెంపుకొని పోయింది మాత్రం ఇదొక్కటే.